పొట్ట నాది

స్కానింగ్ గదిలో పెద్ద డాక్టరు తెరను భర్త వైపు తిప్పాడు. పొట్ట మీద జెల్ పూయించుకుని పడుకున్న ఆమెకు మాత్రం తెర వెనక వైర్లే కనిపించాయి.

ఆమె సిటీ బస్సు కండక్టరు. ఆ రూట్లో అందరికీ కండక్టరమ్మే. కిక్కిరిసిన బస్సులో చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆమెది.

"బిడ్డకి బొడ్డు పక్కన పొట్ట గోడ మూసుకోలేదు. పేగులు బయటికొచ్చి ఉమ్మనీటిలో తేలుతున్నాయి," అని డాక్టరు భర్తకు చెప్పాడు. "పెద్ద కోత అక్కర్లేదు. తల్లి పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి, సన్నటి కెమెరా పంపి, కడుపులో ఉండగానే పేగులు లోపలికి సర్దేస్తాం. ఇదొక్కటే దారి. ఆలస్యం చెయ్యకూడదు."

ఫ్రిజ్‌లు బాగుచేసే ఆ భర్త ఒప్పుకోలు కాగితం అందుకున్నాడు. చూపించిన చోట సంతకం పెట్టేశాడు. అత్తగారు ముక్కు చీదుతూ, "నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, ఆ కుదుపుల బస్సులో నిలబడొద్దని. విన్నదా?" అంది.

"కుదుపులకి ఇది రాదండీ. ఆవిడ తప్పేం లేదు," అంది మూలన నిలబడ్డ చిన్న డాక్టరమ్మ.

ఆ మాటతో కండక్టరమ్మకు కాస్త ఊపిరి వచ్చింది. మోచేతుల మీద లేచింది.

"చెయ్యకపోతే ఏమవుతుంది సార్?"

"నువ్వు కంగారు పడకమ్మా. మీ ఆయనకి అన్నీ చెప్పాను."

"రంధ్రాలు ఆయన పొట్టకి పెడతారా?"

భర్త తల దించుకున్నాడు. పెద్ద డాక్టరు గడియారం చూసుకున్నాడు. ఆమె చిన్న డాక్టరమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. నిజంగా ఇదొక్కటే దారా?"

చిన్న డాక్టరమ్మ పెద్దాయన ముఖం చూసి, మంచం దగ్గరికి వచ్చింది. "కాదండీ. మామూలుగా పుట్టిన వెంటనే ఆపరేషన్ చేస్తారు. ఎక్కువమంది పిల్లలు బతుకుతారు. కడుపులో ఉండగా చెయ్యడం ఇంకా కొత్త. మేలు జరగొచ్చు. ఉమ్మనీరు పోయి నెలలు నిండకుండానే కాన్పూ రావచ్చు."

"ఇక్కడ ఎవరికైనా చేశారా?"

"లేదు. మీరే మొదలు."

కండక్టరమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ముక్క నాతో ఎందుకనలేదు సార్?"

"రెండు దారులు చెప్తే మీలాంటివాళ్ళు తికమక పడతారమ్మా."

"పడితే పడతాను! బస్సు ఎటు పోతుందో చెప్పకుండా టికెట్ కొడితే జనం నన్ను బతకనిస్తారా? బిడ్డ నాది, పొట్ట నాది. నా ముఖం చూసి అడిగుంటే ఒప్పుకునేదాన్నేమో కూడా!"

ఆ కేక వరండా చివరి దాకా వినిపించింది. భర్త లేచాడు. "ఆ కాగితం ఇటివ్వండి సార్," అని అందుకుని నిలువునా చింపేశాడు.

కాన్పు దాకా ఆగడానికే ఆమె నిశ్చయించుకుంది. పుట్టిన ఆడపిల్లను, బయటున్న పేగుల మీద పల్చటి సంచి తొడిగి, చిన్న డాక్టరమ్మే ఆపరేషన్ గదికి తీసుకుపోయింది. ఆ తర్వాత వారాల తరబడి గాజు పెట్టె ముందే కాపురం. చుక్క పాలు పోస్తే పిల్ల పచ్చగా కక్కేది.

"కడుపులో ఉన్నప్పుడే చేయించుకోవాల్సిందా?" అని కండక్టరమ్మ ఏడ్చింది.

"తెలీదండీ. అలా చేసుంటే ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు," అంది చిన్న డాక్టరమ్మ.

ఆ జవాబుతో భయం పోలేదు. అయినా అబద్ధం చెప్పనందుకు కండక్టరమ్మ ఆ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది.

చివరికి పాలు నిలిచాయి. ఇంటికి పంపిస్తున్న రోజున, పిల్లనెత్తుకుని నడుస్తుంటే పెద్ద డాక్టరు గది బయట బెంచీ మీద నిండు గర్భిణి ఒకతె ఒంటరిగా కనిపించింది.

"ఇక్కడ కూర్చున్నావేంటమ్మా?"

"మా ఆయన్ని పిలిచారక్కా. నన్ను ఉండమన్నారు."

కండక్టరమ్మ పిల్లను భర్త చేతికిచ్చింది. ఆ అమ్మాయిని లేపి, తలుపు తోసి, "ఈవిడ కూడా వింటుంది సార్. కుర్చీ వెయ్యండి," అంది.