ఇనుము ఊడదీసిన పడవ

అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు యుద్ధం చేసుకుంటున్న రోజులవి. మా అమ్మ డోర్కస్, నేను, మా దొర పత్తితోటలోని బానిసలందరం పారిపోయి రెడ్ రివర్ ఒడ్డున నిలబడితే బానిసల్ని విడిపిస్తామన్న ఉత్తరాదివాళ్ళ ఫిరంగి పడవ మమ్మల్ని ఎక్కించుకుంది. పడవ ఒంటికి చుట్టూ ఇనప పలకలు. పిల్లలతో, మూటలతో, వంటగిన్నెలతో అందరం ఎక్కాక కాలు పెట్టే చోటు లేదు.

ఆ ఏడు నది ఉన్నట్టుండి తగ్గిపోయింది. పడవ ఇసుకమేట మీద కూర్చుంది. దిగువ మలుపులో దక్షిణాదివాళ్ళ ఫిరంగులు, వెనకాల మమ్మల్ని వెతుకుతూ మా దొర మనుషులు. బరువు తగ్గితేనే పడవ కదులుతుంది; ఇనుమైనా దించాలి, మమ్మల్నైనా దించాలి.

ప్రాట్ అని చిన్న అధికారి ఉండేవాడు. చెడ్డవాడేం కాదు, నాకు బిస్కట్లు పెట్టేవాడు. ఈ జనాన్ని ఒడ్డున దించేద్దామన్నాడు. ఇనుము తీస్తే మలుపు దగ్గర అగ్గిపెట్టెలో కూర్చున్నట్టేనని కెప్టెన్ థోర్ప్‌తో మా ఎదురుగానే వాదించాడు. మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దింపితే మళ్ళీ కొరడాల కిందికే.

థోర్ప్ మాటకారి కాదు. పొగాకు ఉమ్మి, "పలకలు ఊడదీయండి" అన్నాడు.

"పడవ పోతే ఏం చెప్తారు సార్, పైవాళ్ళకి?"

"ఇరుగ్గా ఉందని చెప్తాను. నువ్వు కూడా ఓ చెయ్యి వెయ్యి."

ఆడవాళ్ళం కూడా మరలు విప్పాం. ఒక్కో పలక నీళ్ళలో పడుతుంటే నావికులు టోపీలు తీశారు, చుట్టాన్ని సాగనంపినట్టు. పలకలున్న చోట వాళ్ళ ఊయల పడకలు చుట్టి, తడిపి పేర్చారు. మా అమ్మ మా బొంతలు కూడా ఇచ్చేసింది. చిన్నపిల్లల్ని అడుగున బొగ్గు గదిలో కూర్చోబెట్టారు, నేను మాత్రం అమ్మతో పైనే ఉండిపోయాను. పడవ ఇసుక మీద గీరుకుంటూ, మూలుగుతూ లేచింది.

మలుపు దగ్గర గుండ్లు వచ్చాయి. బొంతల్ని చీల్చుకుంటూ ఒకటి అధికారుల గదిలోంచి దూసుకుపోయింది. థోర్ప్ వేగం తగ్గించలేదు, వెనక్కీ తిప్పలేదు. ఫిరంగుల చప్పుడు వెనకబడేదాకా చుక్కాని చక్రం దగ్గరే నిలబడ్డాడు.

ప్రాట్ భుజం నిండా చెక్కపేళ్ళు దిగాయి. మా అమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని ఒక్కోటీ లాగుతోంది.

"ఇనుము ఉండుంటే..." అని మూలిగాడు.

"ఉండుంటే మేం ఉండేవాళ్ళం కాదు బాబూ" అంది అమ్మ. "కదలకు. ఇంకోటుంది."