పాస్టరమ్మగారి ఉప్పు

పొద్దున్నే పొయ్యి వెలిగించే వేళకి వీధిలోని ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని పాస్టరుగారింటికి వచ్చేవాళ్ళు. పాస్టరమ్మగారు కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని, తన పాదాల చుట్టూ పేరుకున్న ఉప్పుని చిన్న చీపురుతో ఊడ్చి తలా కాస్త పోసేది. దుకాణంలో ఉప్పు కన్నా ఇదే తెల్లగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు. డాక్టరు వచ్చి చూసి, కూరల్లో ఉప్పు తగ్గించమని చెప్పి వెళ్ళాడు.

ఇది కూతురు వెళ్ళిపోయిన మర్నాడు మొదలైంది. ఆ పిల్ల మొగుడి దెబ్బలు తాళలేక పెట్టె పట్టుకుని పుట్టింటికి వస్తే, దేవుడు వేసిన ముడి తెంచుకొచ్చినదానికి నా ఇంట్లో చోటు లేదన్నాడు పాస్టరుగారు. ఆయన చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు పరిగెత్తేది ఆయనే. కానీ పుస్తకం తెరిచాడంటే ఆయన చెవిలో ఇంకో మాట దూరదు. కూతురు గుమ్మం దిగుతుంటే భార్యని భుజం పట్టి లోపలికి తిప్పి, "వెనక్కి చూడకు. లోతు భార్యని గుర్తు తెచ్చుకో," అన్నాడు. బైబిల్లో తగలబడిపోతున్న ఊరిని వదిలి వెళ్తూ, దేవదూతలు వద్దన్నా వెనక్కి చూసి ఉప్పుస్తంభమైపోయిన ఆ ఆడమనిషి మీద ఆయన ఏటా ఒక ప్రసంగం చేసేవాడు. లోకం మీద ఆశ చావని మనసుకి ఆమె గుర్తు అనేవాడు.

పాస్టరమ్మగారు చూడలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆయన మాట జవదాటి ఎరగదు. అందుకే కూతురు వీధి చివర ఎటు తిరిగిందో ఆమెకి తెలియదు. ఎడమకి తిరిగితే రైలు స్టేషను. కుడికి తిరిగితే నది. మర్నాడు కిటికీ దగ్గర కూర్చుని, భుజం మీదుగా ఆ మలుపు వైపే చూడటం మొదలుపెట్టింది. సాయంత్రానికి కాలివేళ్ళు తెల్లబడ్డాయి. ఆ తర్వాత ఆమె లేవలేదు.

పక్కింట్లో ఉండే యూదుల గురువు రబ్బీగారి భార్య రోజూ వచ్చి ఆమె జుట్టు దువ్వేది. మొగుళ్ళిద్దరూ ఎదురుపడితే లేఖనాల మీద వాదించుకునేవాళ్ళు. పెళ్ళాలిద్దరూ గోడకి చెరోవైపు బట్టలారేసుకుంటూ వాళ్ళని చూసి నవ్వుకునేవాళ్ళు.

"లోతు భార్యని మీ పెద్దలు ఏమన్నారు వదినా?" అని అడిగింది పాస్టరమ్మగారు ఒకరోజు.

"మావాళ్ళేం తక్కువ తిన్నారా? ఇంటికొచ్చిన అతిథికి చిటికెడు ఉప్పు పెట్టడానికి ఏడ్చిన పిసినారిదన్నారు. అందుకే ఉప్పైపోయిందట. నువ్వు చూడబోతే వీధంతటికీ పంచిపెడుతున్నావు!"

ఇద్దరూ నవ్వారు. నవ్వాక రబ్బీగారి భార్య దువ్వెన ఆపింది. "మావాళ్ళే ఇంకో మాట కూడా చెప్పారులే. ఆమెకి పెళ్ళయిన కూతుళ్ళు ఆ ఊళ్ళో ఉండిపోయారట. వెనకాల వస్తున్నారో లేదోనని కడుపు తరుక్కుపోయి తిరిగి చూసిందట."

"మా ఆయన ఇది ఎప్పుడూ చెప్పలేదు," అంది పాస్టరమ్మగారు.

"స్టేషనుకెళ్ళి నేను అడిగొస్తాను. టికెట్లిచ్చేవాడికి మీ పిల్ల తెలుసుగా."

"వద్దొదినా. రాలేదంటే? అడక్కపోతే నాకు రెండు దార్లూ ఉంటాయి."

ఉప్పు నడుము దాటింది, భుజాలు దాటింది. పెదవులు కూడా తెల్లబడ్డాక లోతు భార్య ప్రసంగం చేసే ఆదివారం వచ్చింది. పాస్టరుగారి భార్య ముందు వరసలో లేకపోతే ఏం బాగుంటుందని నలుగురు మగవాళ్ళు ఆమెని స్టూలుతో సహా మోసుకొచ్చి చర్చిలో ఆమె చోటులో పెట్టారు. అయితే భుజం మీదుగా తిరిగి ఉన్న మెడని ఎవరూ తిప్పలేకపోయారు. అందరి మొహాలూ పాస్టరుగారి వైపు ఉన్నాయి. ఆమె మొహం ఒక్కటే తలుపు వైపు ఉంది.

ఆయన పుస్తకం తెరిచాడు. "వెనక్కి చూడకు" అన్నచోట ఆగి, పుస్తకం పక్కన పెట్టాడు. దిగి వచ్చి ఆమె పక్కన వంగి, ఆమె చూస్తున్న వైపు చూశాడు. తెరిచిన తలుపూ, వీధీ, వీధి చివర మలుపూ కనిపించాయి.

"ఎటెళ్ళిందో తెలీదా నీకు?"

ఆమె కళ్ళు మూసి తెరిచింది. ఇంక ఆమెలో కదిలేవి అవే.

ఆయన తెల్ల అంగీతోనే వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర ఒకసారి నది వైపు చూశాడు. ఎడమకి తిరిగాడు.

"అమ్మాయిగారా? పక్కూరికి టికెట్టు తీసుకుందండీ," అన్నాడు టికెట్లిచ్చేవాడు. "ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పని దొరికిందంది. మీరెవరైనా వచ్చి అడుగుతారేమోనని ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నానయ్యగారూ."

పొద్దువాలే వేళకి ఆయన కూతుర్ని తీసుకొచ్చాడు. జనం ఇళ్ళకి వెళ్ళలేదు. ఎన్నడూ చర్చి గడప తొక్కని రబ్బీగారి భార్య వచ్చి పాస్టరమ్మగారి ఉప్పుచెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. పిల్ల ఆ తలుపులోంచే వచ్చింది.

"అమ్మా," అంది.

తల్లి చూసింది. కళ్ళారా చూసింది. ఒక్క బొట్టు చెంప మీదుగా జారి సన్నటి గాడి చేసుకుంటూ కిందికి దిగింది. ఆ తర్వాత కళ్ళు కూడా తెల్లబడ్డాయి. పిల్ల తల్లి మెడని రెండు చేతులా చుట్టేసి గొల్లుమంది.

మర్నాడు పొద్దున్న ఆడవాళ్ళు మళ్ళీ గిన్నెలతో వచ్చారు, ఈసారి చర్చికి. తమ ఇళ్ళల్లో మిగిలిన ఆమె ఉప్పంతా తెచ్చి ఆమె పాదాల దగ్గర పోసి వెళ్ళారు.

ఆ పై ఆదివారం పాస్టరుగారు అదే పుట తెరిచి, చాలాసేపు చూసి మూసేశాడు.

"ఆమె వెనక్కి ఎందుకు చూసిందో ఇక్కడ రాయలేదు," అన్నాడు. "నేనూ ఎవరినీ అడగలేదు."

దిగి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.