హాజరు: ఒకరు

నానక్‌రామ్‌గూడలో ఆ బీమా కంపెనీ ఆఫీసు ఎనిమిదో అంతస్తులో ఉంది. శుక్రవారం మధ్యాహ్నం సురేంద్ర మీటింగు గదికి ముందే వచ్చాడు. ఐదు కుర్చీలు సర్ది, ఒక్కో కుర్చీ ముందు ఒక్కో కాగితం పెట్టాడు. కాగితం మీద ఉన్నవి రెండు వాక్యాలు. మనిషి చదవకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదు. చదివిన మనిషి పేరు రాయాలి.

కంపెనీలో కృత్రిమ మేధ వాడకానికి నియమాలు రాసే బాధ్యత అతనిది. కమిటీలో అతనితో కలిపి ఐదుగురు. సోమవారం నుంచి క్లెయిములన్నీ సాఫ్ట్‌వేరే తేలుస్తుంది. ఇవాళ కమిటీ ఒప్పుకుంటే ఆ రెండు వాక్యాలు నియమాల్లో చేరతాయి. లేకపోతే లేదు.

పోయిన నెల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తున్నప్పుడు కిష్టయ్య అనే వాచ్‌మన్ క్లెయిము వచ్చింది. ఆసుపత్రి కాగితం తెలుగులో, చేతిరాతలో ఉంది. పత్రం చెల్లదంది సాఫ్ట్‌వేర్. సురేంద్ర ఆ కాగితం తీసి చదివాడు. చదవడానికి కష్టమేమీ లేదు. ఏళ్ల తరబడి అతను చేసిన పని అదే. అప్పట్లో పక్కన ఒక వరుస నిండా చదివేవాళ్లు ఉండేవాళ్లు. ఇప్పుడు ఆ వరుసలో బల్లలే ఉన్నాయి.

తెర మీద పేర్లు రావడం మొదలైంది. రవికిరణ్ సహాయకి. రమ్య సహాయకి. నాలుగు పెట్టెలు వచ్చాయి, నాలుగింటిలోనూ మనిషి లేడు. సహాయకి అంటే మీటింగులో మాటలు రాసుకుని సారాంశం పంపే సాఫ్ట్‌వేర్. రాలేనివాళ్లు దాన్ని తమ బదులు పంపడం ఆఫీసులో అలవాటే. అందరూ ఒకేసారి పంపడం ఇదే మొదలు. పందిరి వేసి పెళ్లివాళ్ల కోసం చూసినట్టయింది సురేంద్రకు.

రవికిరణ్‌కు ఫోన్ చేశాడు.

"గచ్చిబౌలిలో క్లయింట్ దగ్గరున్నానండి. నా సహాయకి వచ్చింది కదండీ?"

"అది వచ్చింది. నువ్వు రాలేదు."

"నాకంటే అదే బాగా వింటుంది సర్. మా ఆవిడ ఇంటికి కూడా ఒకటి తెమ్మంటోంది." నవ్వాడు. "సమ్మరీ రాగానే ఓకే కొట్టేస్తానండి."

కమిటీలోనే ఉన్న డైరెక్టర్‌కు చేస్తే ఆయన సహాయకే ఎత్తింది. సార్ మీటింగులో ఉన్నారంది. ఏ మీటింగని అడిగాడు. ఈ మీటింగు పేరే చెప్పింది.

రమ్య కింది అంతస్తులోనే ఉంటుంది. మెట్లు దిగి వెళ్లాడు. ఆమె చెవిలో ఒక మీటింగు నడుస్తోంది, తెర మీద ఇంకొకటి.

"ఏంది సార్, గీడున్నరు? మీటింగ్ల లేరా?"

"నేనున్నాను. నువ్వే లేవు."

"మూడు మీటింగులు ఒక్కటే టైముకు వెట్టిన్రు సార్. నన్ను కోసి పంచుతరా ఏంది?"

"ఐదు నిమిషాలు రామ్మా. రెండు వాక్యాలే."

"మీరు రాసినదాంట్ల తప్పేముంటది? ఒప్పుకున్ననే అనుకోండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి."

చెవిలో ఎవరో పిలిచినట్టున్నారు. అటు తిరిగింది.

సురేంద్ర గదికి వచ్చి వాక్యాలు పైకి చదివాడు. ఎందుకు రాశాడో తెరకు చెప్పాడు. కిష్టయ్య సంగతీ చెప్పాడు. అభ్యంతరాలుంటే చెప్పమని ఆగాడు. కాసేపు చూసి మీటింగు ముగించాడు.

సారాంశం వెంటనే వచ్చింది. 'హాజరు: ఐదుగురు. చర్చ జరిగింది. అభ్యంతరాలు లేవు. ప్రతిపాదనకు ఏకగ్రీవ ఆమోదం.' కింద సంతకం చోటు ఉంది. మీటింగు పిలిచింది అతను కాబట్టి అతనొక్కడి సంతకం చాలు.

కోరుకున్నది కాళ్ల దగ్గరికి వచ్చింది. సంతకం పెడితే సోమవారం నుంచి కిష్టయ్య కాగితం లాంటిది ఏది వచ్చినా ఒక మనిషి చూస్తాడు. కానీ మనిషి చదవాలన్న నియమాన్నే ఏ మనిషీ చదవలేదు. రానివాళ్లను వచ్చినట్టు ఇవాళ తను రాస్తే, చదవనివి చదివినట్టు రేపు రాసేవాళ్లను ఏమని అడగాలి?

అతను దిద్దాడు. 'హాజరు: ఒకరు. చర్చ జరగలేదు. తీర్మానం లేదు. సోమవారంలోగా మళ్లీ కలుద్దాం. దయచేసి మీరే రండి.' నలుగురికీ పంపాడు. ఒక్కరైనా ఇదేమిటని అడగకపోతారా అని ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

ముందు రవికిరణ్ నుంచి సరేనన్నట్టు బొటనవేలు ఎత్తిన బొమ్మ వచ్చింది. తర్వాత రమ్య నుంచి, పక్కన దండం గుర్తుతో. మిగతా ఇద్దరివీ ఒకేసారి వచ్చాయి. వాటి వెనకే ఆఫీసు సిస్టమ్ నుంచి మెయిలు. తీర్మానం లేదన్న నిర్ణయాన్ని సభ్యులందరూ ఆమోదించారు. ఈ అంశం ముగిసింది. సోమవారం నుంచి కొత్త నియమమేదీ లేకుండానే సాఫ్ట్‌వేర్ అమలు.

నిజాంపేటలోని ఇంటి నుంచి భార్య స్వాతి ఫోన్ చేసింది. వారం రోజులుగా ఇంట్లో ఈ రెండు వాక్యాల మాటే.

"ఏమాయ మీటింగు? ఒప్పుకున్నారా?"

"అందరూ ఒప్పుకున్నారు."

"చూసినావా! ఊరికే భయపడితివి. మరి గొంతు ఏంటికట్లుంది? పక్కన ఎవురన్నా ఉండారా?"

సురేంద్ర కుర్చీల వైపు చూశాడు.

"ఎవురూ లేరు" అన్నాడు.