తోపులోకి ఎవరూ రాకూడదు

మా ఊరివాళ్లని ఏ పనికైనా రమ్మని పిలిస్తే రారు. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు యాభై మూడేళ్లు పట్టింది. మా హెస్టర్ పెద్దమ్మకి పుట్టినప్పుడే తెలుసు.

బ్రాక్‌హోల్ట్‌ని అందరూ అడవి అంటారు గానీ అది తోపు. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర ఉన్నవాడు నూరేళ్లాయుష్షు అంటాడు. ఓక్ చెట్లు, యాష్ చెట్లు, వాటి కింద హేజెల్ పొదలు. చలి మొదలవగానే ఆకులన్నీ రాల్చేసి, ఎండ ముఖం చూసేదాకా దిసమొలతో నిలబడతాయి. వసంతంలో నేలంతా బ్లూబెల్ పూలు. ఊరివాళ్లు ఏడాదికో ఆదివారం వచ్చి, రోడ్డు మీద నిలబడి, "ఆహా" అని వెళ్లిపోతారు.

నాకు పూలతో పని లేదు. నేను కింద రాలిన ఎండుకొమ్మలు చూస్తాను. నా చలికాలం అంతా వాటిలోనే ఉంది. ఊళ్లో అందరిళ్లలోనూ నూనెతో నడిచే వేడిగొట్టాలున్నాయి, గోడ మీద మీట తిప్పితే చాలు. నా ఇంట్లో ఉన్నది కట్టెల పొయ్యి. ఎండాకాలం పొదలు కొట్టి, కాలవలు తవ్వి బతికేవాడికి గొట్టాలెక్కడివి? మా ఆవిడ మాత్రం నేల కింద కూడా వేడి పాకే ఇల్లున్నవాడితో వెళ్లిపోయింది. దాని పాదాలు ఎప్పుడూ మంచుముక్కల్లా ఉండేవి. తప్పు పట్టను. పడతాను గానీ పైకి అనను.

ఏ రాజు కాలంలోనో మా ఊరికి ఆ తోపు మీద ఒక హక్కు దక్కింది. దోటికి అందిన ఎండుకొమ్మని ఎవరైనా లాక్కోవచ్చు. గొడ్డలి పెట్టకూడదు, బండి తేకూడదు. హక్కు నిలవాలంటే షరతు ఒక్కటే. ఏటా మే ఇరవై తొమ్మిదిన తెల్లవారేసరికి కనీసం ఏడిళ్లవాళ్లు తోపులోకి వెళ్లి, తలో కొమ్మ లాగి, "బ్రాక్‌హోల్ట్ మాది" అని మూడుసార్లు అరుస్తూ చర్చి దాకా మోసుకెళ్లాలి. ఒక్క ఏడు తప్పినా హక్కు పోయినట్టే.

కిందటేడు సరిగ్గా ఏడుగురం తేలాం. అందులో ఒకాయన్ని చక్రాల కుర్చీలో తోసుకెళ్లి ఒళ్లో కొమ్మ పెడితే, కళ్లు తెరిచి "నా టీ ఏదీ?" అన్నాడు. ఈ ఏడు ఆయన లేడు. ఇంకో ఇద్దరు కూడా ఆయన వెనకే చర్చి దొడ్లో సమాధుల్లోకి చేరారు. మరొకావిడ సముద్రం పక్క వృద్ధాశ్రమానికి వెళ్లిపోయింది. మిగిలింది నేను, పెద్దమ్మ, పబ్బు నడిపే కాలిన్.

తోపుతో సహా ఎస్టేటు మొత్తం లండన్ నుంచి వచ్చిన లాంగ్‌స్టాఫ్ గారు కొన్నారు. ఒకరోజు నా గుమ్మంలోకి వచ్చి, నా నేల కన్నా శుభ్రంగా ఉన్న బూట్లని తుడుచుకుంటూ నిలబడ్డారు.

"ఆచారాలంటే నాకెంతో గౌరవమండీ. మీరు నిలబెట్టుకున్నన్నాళ్లూ నేను అడ్డు రాను."

"నిలబెట్టుకోలేకపోతే?"

"అంటే... కంచె వేయించమని మా లాయరు ఏదో అంటున్నాడు. నేను వినలేదనుకోండి." కాసేపు ఆలోచించి, "సగం విన్నాను," అన్నారు.

ఆ రోజు నుంచే ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాను. మొదట రోజలిండ్ పీక్ గారింటికి వెళ్లాను. ఊళ్లో పూల పోటీకీ, పాటల బృందానికీ, కేకుల సంతకీ ఆవిడే పెద్ద. ఆవిడ కదిలితే ఊరు కదులుతుంది.

"ఎంత మంచి ఆలోచన, లెన్!" అంది ఆవిడ రెండు చేతులూ గుండె మీద పెట్టుకుని. "తప్పకుండా చూద్దాం."

మా ఊళ్లో "తప్పకుండా చూద్దాం" అంటే చచ్చినా రామని. వీధి చివరికి వెళ్లేసరికి ఆ మాట ఎన్నిసార్లు విన్నానో! ఎవరూ కాదనలేదు. కాదని ఉంటే తిట్టుకునైనా సుఖపడేవాణ్ణి. చర్చి గుమ్మంలో ఒక కాగితం రాసి అంటించాను. మర్నాటికి ఎవరో ఎర్ర సిరాతో అందులో తప్పులన్నీ దిద్దారు. వస్తామని మాత్రం రాయలేదు.

కాలిన్ ఒక్కడే నిజం చెప్పాడు. "ఒరేయ్, పబ్బు మూసి పడుకునేసరికి నాకు అర్ధరాత్రి దాటుతుంది. తెల్లవారకుండా లేపావంటే నిన్ను తంతాను. వస్తాను గానీ, ముందు తంతాను."

ఆ శనివారం పెద్దమ్మ ఇంట్లో కూర్చుని అంతా చెప్పుకున్నాను. ఈ ఊరికి సిగ్గు లేదన్నాను, చలికి చచ్చి వీళ్ల గుమ్మంలోనే పడి ఉంటానన్నాను. ఆవిడ ఉడికించిన గుడ్డు పెంకు ఒలుచుకుంటూ వింది.

"అయిందా ఏడుపు?" అంది.

"ఇంకా ఉంది."

"మిగిలింది దాచుకో. ఒరేయ్ లెన్, నీకు బుర్ర లేదు, మీ అమ్మకీ ఉండేది కాదు. రండి రండి అని బతిమాలితే ఎవడొస్తాడు? మీ ఇంట్లో కాల్చకుండా దాచుకున్న ఓక్ పలక ఉందన్నావే, అది పట్టుకురా. తెల్ల రంగు కూడా."

ఎనభై ఆరేళ్ల ఆవిడ కుంచె తనే పట్టుకుంది. పలక మీద ఇలా రాసింది: "సొంత ఆస్తి. ఊరివాళ్లు లోపలికి రాకూడదు. కుక్కలు అసలే రాకూడదు."

"పెద్దమ్మా, ఇది లాంగ్‌స్టాఫ్ గారు పెట్టారనుకుంటారు!"

"ఆయన పేరు రాశానా? నా తోట కూడా సొంత ఆస్తే. వెళ్లి మేకు కొట్టు."

పట్టపగలే వెళ్లి తోపు మొదట్లో ఓక్ చెట్టుకి కొట్టాను. దారిన పోయేవాళ్లు నన్ను చూశారు, సుత్తిని చూశారు, చెయ్యి ఊపారు. మేకు కొట్టేవాణ్ణి ఎవరు పట్టించుకుంటారు?

సాయంత్రానికి పబ్బు తేనెతుట్టెలా ఉంది.

"ఎంత ధైర్యం!" పీక్ గారి ముఖం బీట్‌రూట్ దుంపలా ఉంది. "మా బార్నబీ పుట్టినప్పట్నుంచీ ఆ తోపులోనే తిరుగుతున్నాడు!"

బార్నబీ ఆవిడ కుక్క. పొట్టి కాళ్లు, నేలని రాసే పొట్ట. అది సోఫా దిగగా నేనెన్నడూ చూడలేదు.

"పోనివ్వండి మేడమ్," అన్నాను. "పెద్దమనిషి. ఆయనతో మనకెందుకు గొడవ? ఇరవై తొమ్మిదిన హాయిగా పడుకోండి."

"పడుకోవడమా? లెన్, మీలాంటివాళ్ల వల్లే ఈ దేశం ఇలా తయారైంది!"

గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వు మింగాను. కాలిన్ నన్ను వింతగా చూశాడు. "ఏంట్రా, ఒంట్లో బాలేదా? పళ్లు కనపడుతున్నాయి."

ఇరవై తొమ్మిదిన చీకటి విడకముందే పెద్దమ్మని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. తోపు దగ్గర ఊరు ఊరంతా ఉంది. ఫ్లాస్కులు, గొడుగులు, కుక్కలు. తోపు చుట్టూ ఉన్న పాత ముళ్లదడి దాటడానికి ఉన్నది ఒకటే చెక్కమెట్టు. తిరుగుబాటుకి వచ్చిన జనం దాని ముందు బుద్ధిగా వరసకట్టి నిలబడ్డారు. "ముందు మీరు వెళ్లండి." "అయ్యో, మీరే ముందొచ్చారు." ఇలా ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉండగానే తెల్లారిపోయేలా ఉంది. చివరికి పెద్దమ్మ చేతికర్ర ఎత్తి, "జరగండి! ఈ లెక్కన హక్కు మన మనవళ్లకి కూడా దక్కదు!" అని అరిచి, అందరికన్నా ముందు దాటింది.

మేం కొమ్మలు లాగుతుండగా లాంగ్‌స్టాఫ్ గారు పైజమా మీద కోటు తొడుక్కుని, రబ్బరు బూట్లతో పరుగెత్తుకొచ్చారు. పీక్ గారు వేలు చూపించింది. ఆయన పలక చదివారు. మళ్లీ చదివారు. ఆయన "ఇది నేను పెట్టలేదు" అంటే నా పని అయిపోయినట్టే.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"క్షమించాలి," అన్నారు. "చాలా తప్పు జరిగింది. ముఖ్యంగా కుక్కల విషయం."

తను చెయ్యని తప్పుకి! అంత పద్ధతి గల మనిషి ఆయన. దాంతో పీక్ గారూ సిగ్గుపడి, ఇంత పొద్దున్నే లేపినందుకు తనే క్షమించమంది. ఆయన అబ్బే అన్నారు. ఆవిడ అయ్యో అంది. ఎవరో ఆయన చేతిలో టీ పెట్టారు. కాసేపటికి ఆయన కూడా ఒక యాష్ కొమ్మ భుజాన వేసుకుని, "బ్రాక్‌హోల్ట్ మాది" అని మాతోపాటు అరిచారు. నిజానికి అలా అరిచే అధికారం అందరికన్నా ఆయనకే ఉంది.

చర్చి దగ్గర మేకు పీకిన పలక నా చేతిలో పెట్టి, "ఇది మీ పొయ్యికి పనికొస్తుందేమో," అన్నారు. ముఖంలోకి చూస్తే ఏమీ తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ రాత్రి నా అంత సుఖంగా ఎవడూ నిద్రపోయి ఉండడు. అక్కడితో అయిపోతే బాగుండేది.

ఊరికి కట్టెల రుచి తెలిసింది. వేసవి పోయేసరికి ఇంటింటికీ ఇనప పొయ్యి వచ్చింది. పీక్ గారు ఎండుకొమ్మల సంఘం పెట్టింది. ముసలీ ముతకా రోజూ దోటీలతో తోపులోనే. ఎక్కడ చూసినా "ఆహా, మంట అంటే మంటే!" అనే కబుర్లు. చలి మొదలవుతూనే నేను సంచి పట్టుకుని వెళ్తే, తోపు పెళ్లికి ఊడ్చిన వాకిలిలా ఉంది. అగ్గి రాజేసే చిదుగు కూడా లేదు. నేను కాపాడిన హక్కు ఊరందరి పొగగొట్టాల్లోంచి పైకి పోతుంటే, చేతులు చంకల్లో పెట్టుకుని చూశాను.

పెద్దమ్మ దగ్గరికి వెళ్లి మొత్తం మళ్లీ ఏడ్చాను. ఈసారి ఆవిడ గుడ్డు కూడా ఒలవలేదు.

"ఆ పలక కాల్చేశావా?"

"లేదు. ఇవాళే కాలుద్దామనుకుంటున్నా."

"రెండో వైపు ఖాళీయేగా. పట్టుకురా."

మర్నాడు దాన్ని పాత చోటే కొట్టాను. పక్కన పొదలు కొడుతున్నట్టు నిలబడ్డాను. పీక్ గారు సంచీ, దోటీ, బార్నబీతో వచ్చింది. ఆగి పైకే చదివింది: "అందరికీ స్వాగతం! తోపుని బాగుచేసుకుందాం. ప్రతిరోజూ పొద్దున్నే ఎంతమందైనా రండి. చేతి సాయం చాలా కావాలి."

ఆవిడ వాచీ చూసుకుంది. ఆకాశం చూసింది. దోటిని మెల్లగా వెనక్కి దాచుకుంది.

"ఎంత మంచి ఆలోచన, లెన్!" అంది. "తప్పకుండా చూద్దాం."

ఆవిడ మలుపు తిరిగేదాకా ఆగి, నా సంచి విప్పాను. ఈ మాటు గాలివాన వచ్చి రాల్చిందంతా నాదే. మేలో పలక తిప్పాలని మాత్రం మరిచిపోకూడదు.