కార్ఖానా సబ్బు క్లాసు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది అది. ఇంగ్లీషు దొరలు వెళ్లిపోవడంతో మిలిటరీ మెస్సులో లూకా వంట పని అప్పటికే పోయింది. అతని భార్య రోసమ్మ సొంతంగా దుకాణం పెట్టాలని, కార్ఖానా బస్తీలో కొత్తగా మొదలైన సబ్బుల తయారీ క్లాసులో చేరింది. మూడు నెలల శిక్షణ. పదిమంది మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు.

నేర్పే దేవానందం మొదటి రోజే మగవాళ్లను గంగాళం దగ్గరికి పిలిచాడు. ఆడవాళ్లను మాత్రం ఓ మూల బల్ల దగ్గర కూర్చోబెట్టి బిళ్లలకు కాగితం చుట్టమన్నాడు. మూడు వారాలు గడిచినా వాళ్ల పని మారలేదు. నూనెలో కాస్టిక్ సోడా నీళ్లు ఎంత పొయ్యాలని రోసమ్మ అడిగితే, అది చేతులు కాల్చే మందు, ఆడవాళ్లకు వద్దన్నాడు.

మర్నాడు రోసమ్మ చేతులు కట్టుకుని కూర్చుంది. అల్వాల్ నుంచి నడిచి వచ్చే దేవమ్మ ఆమెను చూసి తన చేతిలోని కాగితం కింద పెట్టింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే ఆపేశారు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు దేవానందం.

"చుట్టుడు మాకొచ్చింది సార్. ఇగ వండుడు నేర్పుండ్రి," అంది రోసమ్మ. "మేం దుకాణం పెట్టనీకె వచ్చినం. ఇంకొకరి దుకాణంల కూలికి పోనీకె రాలే."

పేర్లు కొట్టేస్తానన్నాడు. కొట్టేయమంది.

మూడు రోజులు వాళ్లు వేళకు వచ్చారు, ఊరికే కూర్చున్నారు, వేళకు వెళ్లారు. బల్ల మీద బిళ్లలు కుప్ప పడ్డాయి. మగవాళ్లు చుట్టబోతే కాగితాలు చిరిగాయి. ఉన్న ఒక్క ఆశనూ పోగొడుతున్నావని ఇంట్లో లూకా భయపడ్డాడు. రోసమ్మ మాత్రం పొద్దున్నే బయలుదేరింది. నాలుగో రోజు సరుకు బజారుకు పోవాలి. దేవానందం చాలాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి తెడ్డు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

ఆ రోజే సోడా నీళ్లు చింది మణికట్టు బొబ్బలెక్కింది. కడుక్కుని వచ్చి మళ్లీ తెడ్డు పట్టింది.

శిక్షణ ముగిశాక ఆడవాళ్ల సర్టిఫికెట్లలో 'సబ్బులు చుట్టుట' అనే రాశారు. రోసమ్మ తనది దేవానందం ముందే వదిలేసి వచ్చింది. వానలు వెలిశాక ఆమె, దేవమ్మ కలిసి రోసమ్మ ఇంటి వరండాలో పొయ్యి పెట్టారు. మొదటి వాయి గట్టిపడలేదు. రెండోది జిడ్డుగా వచ్చింది. మూడోదాన్ని కోసి, గంపల్లో పెట్టుకుని బోయిన్‌పల్లి వెళ్లారు.

ఆడవాళ్లు వండిన సబ్బుకు నురగ వస్తుందా అని ఒక దుకాణదారు నవ్వాడు. రోసమ్మ ఒక బిళ్ల అతని చేతిలో పెట్టింది.

"జెర నీళ్లు తెప్పియ్యి," అంది.