మేఘవాహనమునకు జలభీతి

శ్రావణమేఘములు గౌతమీతీరసీమ యంతటిపై నల్లని పందిరి వేసి మిట్టమధ్యాహ్నముననే దీపముల వేళను దలపింపజేయుచుండెను. కాలువలు గట్ల నొరసికొని పారుచుండెను. అప్పుడే నాటిన వరిచేలలో కప్పలు కచేరి ప్రారంభించెను. కొబ్బరిమట్టల కొనలనుండి జాలువారు ధారలక్రింద గేదెలు కన్నులరమోడ్చి స్నానసుఖ మనుభవించుచుండెను. ఇట్లు చరాచరప్రపంచమెల్ల నానందమున నోలలాడుచున్న యా సమయమున మండపేట పట్టణమందొక్క మానవుడు మాత్రము వీథియరుగుపై నిలిచి యాకాశమువంక జూచి నిట్టూర్పులు విడుచుచుండెను.

ఆతడు నడింపల్లి భీమశంకరము. బజారువీథిలో గడియారములు బాగుచేయు నంగడి యాతనిది. కారనగా చక్రములు గల పెద్ద గడియారమే యని యాతని సిద్ధాంతము. ఆ సిద్ధాంతబలముననే యాతడు తుక్కుకొట్టులో తుప్పుబట్టి పడియున్న పాతకారు నొకదాని నుద్ధరించి కాకినాడనుండి వేరొక యింజను దెచ్చి దాని గర్భమున ప్రతిష్ఠించి జీపుచక్రములు దొడిగి యిరుప్రక్కల గరుడనేత్రములవంటి పచ్చదీపములమర్చి ముందరి జాలీ గాలికడ్డమని యూడబెరికి దాని వెనుక నీరు చొరకుండ గట్టియున్న రబ్బరుతెరను గూడ ఇదెందులకు దండుగబరువని పారవైచి యా సర్వాంగసుందరమునకు మేఘవాహనమని నామకరణము గావించెను. పేరు పెట్టిన ముహూర్తమెట్టిదో కాని మేఘము గనబడినంతనే యా వాహనము మొరాయించుచుండెను. వీథిలోనివారు దానిని ఎండాకాలపు కారని పిలుచుకొనుచు ముసిముసినవ్వులు నవ్వుచుండిరి.

భీమశంకరము చికిత్సకు వెనుదీసినవాడు కాడు. పెట్రోలులో నీరు గలసెనేమోయని ట్యాంకు దింపి కడిగెను. కార్బొరేటరు విప్పి గడియారపు భూతద్దము కంటికి బిగించుకొని దాని రంధ్రములన్నియు నూదెను. గాలిగొట్టమునకు వాన తగులుచున్నదేమోయని దానిని ఇంటికప్పుదాక పోవునంత పొడుగు చేసెను. చికిత్స యైనపిమ్మట మరునాటి యెండలో నడిపిచూచుటయు నది గుఱ్ఱమువలె పరుగెత్తుటయు నీతడు మీసము దువ్వుకొనుటయు పరిపాటియయ్యెను. అన్యుని చేయి దానిపై బడనీయడు. అది యాతని పంతము.

పూజలోను లోపము లేదు. ఇంజను విక్రయించిన కాకినాడ మేస్త్రి దాని మొగమున నున్న డిస్ట్రిబ్యూటరు మూతను జూపి, "ఇదేనండి దీని ప్రాణం. ఇక్కణ్ణించే ప్లగ్గులన్నిటికీ కరెంటు పంచుద్ది. బాగా చూసుకోండాయ్" అని చెప్పియుండెను. భీమశంకర మా మాటను మంత్రోపదేశముగా గ్రహించి ప్రతిశుక్రవారము స్నానానంతరమున నా ప్రాణస్థానమునకు తడిపసుపు మెత్తి కుంకుమబొట్లు దీర్చి కర్పూరహారతి యిచ్చుచుండెను. కారు దారిలో నాగినపుడెల్ల ఏదో దృష్టిదోషము సోకినదని తలచి మరునాడొక పూత యెక్కువ వేయుచుండెను.

ఆతని యిల్లాలు వర్ధనమ్మ యోరిమికి బెట్టినది పేరైనను ఆ యోరిమి యా ఏటి శ్రావణమున నడుగంటెను. తడిసిన పట్టుచీరతో పంటకాలువగట్టున నిలిచి పొలమునుండి వచ్చువారి పరామర్శల కుత్తరములిచ్చుట ఆమెకు దలవంపుగానుండెను. ఆమె యక్కకూతురికి ద్రాక్షారామమున సీమంతము. తొలిగాజులు పిన్నియే తొడుగవలెనని ఆ పిల్ల మంకుపట్టు పట్టియుండెను. ఇదిగాక యక్కమగడు సర్వారాయుడు చాలకాలముగా మేఘవాహనముపై కన్నువేసి దాని పైకప్పు గోయించి పెండ్లికొడుకుల నూరేగించు రథముగా మార్తునని వచ్చినప్పుడెల్ల నడుగుచుండెను. పైకప్పు గోయుట యన్నమాట విన్నపుడు భీమశంకరమునకు దన తలయే గోయుచున్నట్లుండెను.

పయనమునకు ముందు వర్ధనమ్మ చలిమిడిపళ్ళెము చేత బట్టుకొని గుమ్మమున నిలిచి యిట్లనెను. "ఇదిగో చెప్తున్నాను వినండి. ఇయాళ గానీ దారిలో ఆగిందంటే తాళం మా బావగారి చేతిలో పెట్టేసి బస్సెక్కి వచ్చేద్దాం. ఒప్పుకుంటేనే ఎక్కుతాను."

భీమశంకరము "సరే" యనెను. ఆ యొక్క యక్షరద్వయము పలుకుటకాతడు పడిన బాధ ముల్లు గ్రుచ్చుకొన్నవానికిని రాదు.

మేఘవాహనము మండపేట విడిచి రామచంద్రపురము దాటువరకు చిరుజల్లులలో బుద్ధిమంతురాలివలె నడచెను. ఆతని మొగమున నాశ మొలకెత్తుచుండగనే ద్రాక్షారామపు దారిలో కాలువమలుపుచెంత కుండపోతగా వాన గురిసెను. కారు దగ్గెను. తుమ్మెను. ఒకమారు ముందునకు దూకి నిలిచిపోయెను.

భీమశంకరము స్టీరింగు చక్రమునకు నుదురాన్చి కూర్చుండెను. తాను రాత్రింబవళ్ళు చేతులు గాల్చుకొని కట్టిన బండి పూలదండలతో పైకప్పులేక బ్యాండుమేళమువెనుక నడుగులో నడుగువేసికొని పోవుచున్నట్లాతని కంటికి గట్టెను. కన్నీరు వచ్చెను. భార్య చూచునని తుడుచుకొనెను. ఆమె చూడనే చూచెను.

చూచినపిమ్మట వర్ధనమ్మకు కోపము నిలువలేదు. ఎన్నడును బండి జోలికి రాక గట్టున నిలిచి గొణుగునట్టి ఆమె యీమారు కొంగు నడుమున దోపుకొని గొడుగుతో దిగెను. "ఊరికే కూచుంటే గాజులేళకి అందుకోం. మీరు తాళం తిప్పుతా ఉండండి, నేను చూస్తాను" అనెను.

"నువ్వా? నీకేం తెలుస్తుంది వర్ధనం?"

"తెలియకపోతే మాన్లెండి. కళ్ళున్నాయి గదా!"

పాఠకులారా, ఇంతకాలము జరుగని దిదియే. తాళము త్రిప్పువాడు లోన గూర్చుండును. ఇంజను జూచువాడు బయట నిలువవలెను. ఒక్కడే యీ రెండు పనులు చేయుట బ్రహ్మకును దుర్ఘటము. పంతగాడైన భీమశంకర మొకరి సాయమడుగడు గనుక త్రిప్పునపుడు చూడలేదు. చూచునపుడు త్రిప్పలేదు. ఈ లోపల నింజను వేడికి తడియారి బండి దానంతటదియే కదలుచుండెను. రోగము గోడచాటుననే యుండిపోయెను.

డిక్కీలోని టార్పాలినును తెరచిన బానెట్టుపై పందిరిగా గప్పి వర్ధనమ్మ దాని క్రింద దలదూర్చెను. లోపల కాటుకచీకటి. భర్త తాళము త్రిప్పెను. ఇంజను గిర్రుగిర్రుమని మూలిగెను.

"ఏవండీ! మెరుపులొస్తున్నాయండీ!"

"ఆకాశంలోనా?"

"ఆకాశంలో కాదండీ బాబూ, మీ పసుపు మీద!"

భీమశంకరము కంగారుపడి దిగివచ్చెను. ఈమారు వర్ధనమ్మ లోన గూర్చుండి తన జీవితమున మొదటిసారి కారు తాళము త్రిప్పెను. ఆతడు టార్పాలినుక్రింద దలపెట్టి చూచునప్పటికి డిస్ట్రిబ్యూటరు మూతపై నెన్ని శుక్రవారములదో పసుపు మందముగ గట్టి వాననీటికి నాని మెరయుచుండెను. ప్లగ్గులకు బోవలసిన విద్యుత్తు తీగెలదారి విడిచి యా తడిపసుపుపై సన్ననినీలిరేకలుగా ఈ బొట్టునుండి యా బొట్టునకు పరుగులిడుచుండెను. తాను రబ్బరుతెర పారవైచినందున నీరు చొచ్చెను. తాను పూసిన పసుపుచే నీరు నిలిచెను. బండిని చంపుచున్న దృష్టిదోషము తన భక్తియే. ఆతనికి సిగ్గును నవ్వును ఒక్కమారు ముంచుకొనివచ్చెను.

"ప్రాణం అన్నాడే ఆ మేస్త్రి! అందుకని పూజ చేశాను" అని యాతడు దీనముగా బలికెను.

"ప్రాణమైతే మాత్రం? బొట్టు నుదుటన పెడతారు గానీ కంట్లో పెడతారా అండీ?" అని వర్ధనమ్మ నవ్వు పట్టలేక చక్రముపై వాలెను. ఆ నవ్వు విని భీమశంకరమును వానలో నిలిచి పకపక నవ్వెను. దారిన బోవు నొక సైకిలాయన బండి చెడి వీరికి మతిగూడ చెడినదేమోయని వెనుదిరిగి చూచుచు బోయెను.

పిమ్మట పని చురుకుగా సాగెను. ఆతడు మూత విప్పి యుత్తరీయముతో లోని తడియు బయటి పసుపును దుడిచి తీగెలనొక్కటొక్కటిగా తడియొత్తెను. ఆమె చలిమిడిపై గప్పిన ప్లాస్టికు సంచిని సంకోచింపక తీసియిచ్చెను. దానిని మూతకు దొడిగి దారముతో గట్టిరి. అంతయునైనను ఆతని మొగమున నొక వెలితి కనబడెను. వర్ధనమ్మ దానిని గ్రహించి తన కుంకుమభరిణె దీసి ముందరి యద్దమునకు పైనున్న రేకుపై నడిమిగా నొక బొట్టు దీర్చి, "ఇదీ నుదురు. ఇంక తిప్పండి" అనెను.

తాళము త్రిప్పినదే తడవుగా మేఘవాహనము గర్జించెను. వాన తగ్గలేదు. బండియు నాగలేదు.

సీమంతగృహమున గాజుల పళ్ళెము ముందు బెట్టుకొని పిల్ల వీథివంకనే చూచుచుండెను. వర్ధనమ్మ తడికొంగు పిండుకొని పీటపై గూర్చుండి తొలిగాజులు దొడిగెను. ముత్తైదువులు పాటపాడిరి. సర్వారాయుడు మాత్రము భీమశంకరము పంచెయంచులనున్న బురదను జూచి కన్నులు మిలమిలలాడ దరిచేరెను. ఒప్పందపు సంగతి యాతని కదివరకే యక్కచెల్లెండ్ర మాటలవలన దెలిసియుండెను.

"ఏం తోడల్లుడుగారూ, దారిలో ఆగినట్టుందే? ఇంక తాళం ఇచ్చేయండాయ్!"

భీమశంకరము సత్యసంధుడు. తలవంచుకొని జేబులో చేయిబెట్టెను. తాళము బయటికి వచ్చెను.

వర్ధనమ్మ నడుమ వచ్చి యా తాళమును దాను దీసికొని కొంగున ముడివైచికొనెను. "ఆగింది అని ఎవరు చెప్పారు బావగారూ? అది ఆగలేదు. మేమే ఆపుకున్నాం, బొట్టు సర్దుకోడానికి" అనెను. సర్వారాయుడా ధర్మసూక్ష్మము విని పులిహోరవంక మొగము ద్రిప్పెను. భీమశంకరము భార్యవంక జూచిన చూపు పెండ్లిపందిటిలో తెర దీసినప్పటి చూపువంటిది.

సాయంకాలము తిరుగుప్రయాణమున వాన మరింత బలిసెను. మండపేటకు బోవు దారికడ భీమశంకరము బండిని ద్రిప్పబోవగా వర్ధనమ్మ యాతని మోచేయి బట్టుకొనెను.

"అటు కాదు. కోటిపల్లి మీదుగా పోనివ్వండి. ఏటిగట్టెక్కి చుట్టూ తిరిగి వెళ్దాం."

"ఇంటికి ఇటు గదా వర్ధనం! పైగా ఇంత వానలో..."

"వాన గనకే గదండీ అంటున్నాను" అని యామె యద్దము క్రిందికి దింపి చేయి బయటికి జాచెను.

ప్రేమింపబడినదానిని పూజించుట సులభము. అది యేమి కోరుచున్నదో యడిగి తెలిసికొనుటయే కష్టము. భీమశంకర మెదురుప్రశ్న వేయక గేరు మార్చెను. నిండుగౌతమి గట్టుపై పచ్చదీపములు వెలుగ మేఘవాహనము వానలోనికి జొచ్చి నింపాదిగా దూరమైన దారి బట్టి పోయెను.