బోర్ల కాడి పసుపు బొమ్మలు

మొదటి బొమ్మను చూసినవాడు నర్సింహులు. గట్టు మండలంలోని ఆ చిన్న ఊరికి పడమటివైపు, ఎండిపోయిన ఆముదం చేలో, మిట్టమధ్యాహ్నం పూట చూశాడు. పేడతో గుండ్రంగా అలికిన నేల, దాని మీద పసుపుతో గీసిన పసివాడి బొమ్మ. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. కళ్లకు బొగ్గు, నోటికి కుంకుమ. ఆ నోరు బావురుమన్నట్టు తెరిచి ఉంది. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు, గాలి కూడా లేదు. నర్సింహులు చెప్పులు అక్కడే వదిలేసి ఊళ్లోకి ఒకటే పరుగు.

పొద్దుగూకేసరికి ఊరంతా ఒకటే మాట. బాణామతి!

పొయ్యి ముందు జొన్నరొట్టెలు చేస్తున్న తల్లి యాదమ్మ పక్కన కూర్చుని, మనీషా ఆ మాట విన్నది. నోరెండిపోయింది. ఎందుకెండదు మరి? ఆ బొమ్మ గీసింది తనే.

తొమ్మిదో తరగతి పిల్ల. తాను అనుకున్నదేమిటి, అయిందేమిటి! అది రెండువేల నాలుగు ఎండాకాలం. వరసగా వానల్లేక రైతులు బోరు మీద బోరు వేశారు. నీళ్లు పడకపోతే కేసింగ్ పైపు పీకి ఇంకో బోరుకు వాడుకునేవాళ్లు. గుంతను మాత్రం అలాగే వదిలేసేవాళ్లు. జానెడు వెడల్పు, రెండువందల అడుగుల లోతు. ఒక్క బండ తెచ్చి మూతపెట్టడానికి ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తీరిక దొరకలేదు. మనీషా తండ్రి భీమయ్య చేలోనే అలాంటివి మూడున్నాయి.

మూడేళ్ల తమ్ముడు హరీష్ వాటిలో గులకరాళ్లు వేసి, బోర్లా పడుకుని చెవి పెట్టేవాడు. ఒకరోజు, "అక్కా, లోపల ఒగ పిలగాడున్నడు. నన్ను రమ్మంటుండు" అన్నాడు. మనీషా వాడిని రెక్క పట్టి ఇంటికి లాక్కొచ్చి తండ్రితో చెప్పింది.

"మూస్తం తీ బిడ్డా, జర పనులొడవనీ" అన్నాడు భీమయ్య. ఎవరడిగినా రెండేళ్లుగా అదే మాట.

బళ్లో బొమ్మలు నేర్పే నరేందర్ సార్ సెలవులకు ముందు పిల్లలందరినీ కూర్చోబెట్టి ఒక పని చెప్పాడు. "మీ ఊర్ల ఏది చూస్తే మీకు భయమైతదో దాన్ని గియ్యుండ్రి. కాయితం మీద కాదు, అది ఉన్నకాడనే గియ్యుండ్రి. పోయేటోడు నిలబడాలె. నిలబడినంకనే మనిషి ఆలోచిస్తడు." ఉన్న రంగు డబ్బాలు పిల్లలకు పంచేసి, పరీక్ష పేపర్లు దిద్దడానికి వనపర్తి వెళ్లిపోయాడు. వెనక బెంచీలో ఉన్న మనీషా చేతికి వచ్చింది అడుగంటిన డబ్బా.

ఆ పిచ్చిపిల్ల ఏం చేసింది? ఇంట్లోని పసుపు, కుంకుమ తీసింది. తండ్రి కంట పడితే తిడతాడని అందరూ కునుకు తీసే మిట్టమధ్యాహ్నం ఎంచుకుంది. ఐదు రోజుల్లో ఏడు బోర్ల పక్కన ఏడు బొమ్మలు గీసింది; నర్సింహులు కంట మొదటిది పడేసరికే ఏడూ అయిపోయాయి. ఏడూ హరీష్ బొమ్మలే. పసుపుతో మనిషి బొమ్మ, అదీ నడినెత్తిన ఎండ ఉండగా గీస్తే, పల్లెలో దానికేమర్థమో ఆమెకు తట్టనే లేదు. ఆమె కళ్లకు పసుపూ కుంకుమా రంగులే. జనం నిలబడ్డారు నిజమే. కానీ ఆలోచించలేదు, పారిపోయారు.

ఊళ్లో బాణామతి మాట పుట్టిన నాలుగోరోజు భీమయ్య బర్రె చచ్చిపోయింది. ఎండదెబ్బో, ఏం మేసిందో ఎవరికి తెలుసు? నర్సింహులుకు మాత్రం అన్నీ తెలుసు. "రెండో బొమ్మ కాడ హన్మమ్మ నిలబడి ఉండె. మేకలను ఇడిసిపెట్టి, కదలకుంట దాన్నే చూస్తుండె. నా కండ్లతోని చూసిన" అన్నాడు. హన్మమ్మ ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలామె. పిల్లాజెల్లా లేరు. ఆకుపసర్లు తెలుసు. ఇంకేం కావాలి?

మర్నాడు పొద్దున ఆమెను చావడి ముందు కూర్చోబెట్టారు. నర్సింహులు చేతిలో పట్కారు ఉంది. పళ్లు పీకేస్తే మంత్రం నోట పలకదని వాళ్ల నమ్మకం. అలా పీకించుకుని నెత్తుటి నోటితో ఊరు విడిచిపోయిన ఒక ముసలాయన సంగతి మనీషా చిన్నప్పుడే విన్నది. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

"నాయినా, అవ్వను ఏమనకుండ్రి! ఆ బొమ్మలు గీసింది నేను."

భీమయ్య కూతురి ముఖంలోకి చూశాడు. చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. కన్న తండ్రి తనను చూసి జంకడం మనీషా అదే మొదటిసారి చూడటం.

"మాట్లాడేది నా బిడ్డ కాదు. ముసల్ది నా బిడ్డ మీద మంత్రం పెట్టింది" అన్నాడు భీమయ్య.

"అయ్యో, నేనే నాయినా! ఇగో చూడు!" మనీషా బొగ్గుముక్క తీసుకుని చావడి బండల మీద గీయసాగింది. తల, ఎత్తిన చేతులు, తెరిచిన నోరు. అవే గీతలు, అదే బొమ్మ. ఆడవాళ్లు కెవ్వుమన్నారు. యాదమ్మ చంకలోని హరీష్‌ను పొదివి పట్టుకుని దూరంగా జరిగింది. మనీషా ఎంత బాగా గీస్తే వాళ్లకు అంత రూఢి అయింది. "చెయ్యి ఈ పిల్లది, గీత ముసల్దానిది" అన్నారెవరో. నిజం చెప్పినకొద్దీ ఆ నిజమే ముసలామె మెడకు బిగుసుకుంటోంది. మనీషాకు ఏడుపు తన్నుకొచ్చింది.

భీమయ్య నర్సింహులు చేతిలోంచి పట్కారు లాక్కున్నాడు.

అప్పుడు హన్మమ్మ నవ్వింది. "ఔరా, గీసింది నేనే" అని నోరు బార్లా తెరిచింది. లోపల ఒక్క పన్ను లేదు. ఎర్రటి చిగుళ్లు, వెనక చీకటి. "పీకు భీమయ్యా. ఏది పీకుతవు? మంత్రానికి పండ్లు గావాలె. బొమ్మకు చెయ్యి సాలు."

ముందు వరసలోని వాళ్లు వెనక్కి జరగబోయి వెనకవాళ్ల కాళ్లు తొక్కారు.

"ఏడు బొమ్మలను పండవెట్టిన. ఆకలిమీదున్నయి. గుంత నోరు మూస్తే బొమ్మ నోరు మూత పడ్తది. నన్ను కొడ్తరా, కొట్టుండ్రి. అవి లేస్తే మల్ల పండవెట్టేటోళ్లెవరు?" ఒక్కొక్కరి ముఖం చూసింది. "అమాస దాంక ఆగుతయి. అమాసనాడు ఎవరి చేన్ల గుంత తెరిచి ఉంటదో..." మాట పూర్తి చేయలేదు. భీమయ్య చేతిలోంచి పట్కారు జారి బండల మీద పడింది. ఆ చప్పుడుకు పెద్దపెద్ద మగాళ్లే ఉలిక్కిపడ్డారు.

అమావాస్యకు ఇంకా నాలుగు రోజులున్నాయి. అంతదాకా ఎవరాగారు? ఆ పొద్దే ఎద్దులబండ్లు బండల కోసం గుట్టకు కదిలాయి. బొమ్మలున్న ఏడింటికే కాదు, ఊరిలో ఉన్న పందొమ్మిది గుంతలకూ బండలు పడ్డాయి. పనులొడవని భీమయ్య తన మూడింటినీ ఒక్క పూటలో మూశాడు.

మూడోరోజు, ఎవరూ చూడకుండా మనీషా హన్మమ్మ గుడిసెకు వెళ్లింది.

"ఎందుకవ్వా గట్ల చెప్పినవు?"

"నువ్వు చెప్తే నమ్మిండ్రా?" ముసలామె మేకపిల్లకు ఆకు అందిస్తూ అన్నది. "నువ్వు గీస్తుంటే తుమ్మచెట్టు కింద కూసోని చూసిన. ఊరోళ్లు బెదిరి ఉరికినంక దగ్గరికొచ్చి చానసేపు నిలబడ్డ. గంత మంచిగ గీసినవు బిడ్డా. గుంతల పడ్డ పిలగాడు అవ్వా అని పిలుస్తున్నట్టే ఉండె. నాకు సమజైంది. వాళ్లకు సమజు గాలే."

"సార్ వచ్చినంక అందరికీ నిజం చెప్పిస్త."

"చెప్పకు. బాణామతి కాదని తెలిస్తే రేపే బండలు ఇంటికి మోసుకపోయి, బట్టలుతుకనీకి ఏసుకుంటరు."

"మరి నీ సంగతి?"

హన్మమ్మ కాసేపు మేకపిల్ల వీపు నిమిరింది. "నన్ను ముందుగాల్నుంచి గట్లనే చూస్తుండ్రు బిడ్డా. ఇన్నేండ్లకు అది ఒకదానికి పనికొచ్చింది, పోనీ." నవ్వబోయింది గానీ పెదవులు వణికాయి. మనీషా ఎవరికీ చెప్పనని మాటిచ్చి, ఆమె ఒళ్లో తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది.

వానలు మొదలైన కొత్తలో ఒక మధ్యాహ్నం, మనీషా తల్లితో కలిసి చేనుకు పోతోంది. యాదమ్మ చంకలో హరీష్ ఉన్నాడు. ఎదురుగా మేకలతో హన్మమ్మ వస్తోంది. యాదమ్మ చప్పున కొంగు లాగి కొడుకు ముఖం కప్పేసింది. ముసలామె అది చూసింది. చూడనట్టు తలవంచుకుని, దారి విడిచి, తడిసిన ముళ్లకంపలోకి దిగి నిలబడింది.

మనీషా గుండె భగ్గుమంది. చేయి చాచి, తమ్ముడి ముఖం మీది కొంగు తీసేసింది. "చూడనీ అమ్మా" అన్నది. యాదమ్మ బిత్తరపోయింది.

హరీష్ కళ్లు చికిలించి ముసలామెను తేరిపార చూశాడు. "ఎవరక్కా?"

నిజం చెప్పనని మాటిచ్చింది. అబద్ధం చెప్పడానికి నోరు రావడం లేదు. ముళ్లలో నిలబడిన హన్మమ్మ వైపు తిరిగి, ఆమెకు వినబడేలా గట్టిగా చెప్పింది.

"బొమ్మలు సమజయ్యే అవ్వరా."